ఈలకు రాని చేప

గవర్నర్‌పేటలో నేను చూపించుకునే కళ్ల డాక్టరు గారి దగ్గర, బయట మనం కూర్చునే గదిలో ఈమధ్య ఒక గాజు తొట్టి పెట్టారు. అందులో ఎర్రచేపలు. మొన్న కళ్లలో చుక్కలు వేయించుకుని, లోకమంతా అలికేసినట్టు కనిపిస్తుంటే ఆ తొట్టి పక్కనే కూర్చున్నాను. ఒక చిన్నపిల్ల తల్లి ఒళ్లోంచి జారి వచ్చి, అద్దానికి ముక్కు ఆనించి చూస్తోంది. చేపలన్నీ పైకొచ్చి నోళ్లు తెరుస్తూ మూస్తూ ఉన్నాయి.

"అమ్మా, వీటికి ఆకలేస్తంది" అంది ఆ పిల్ల.

"పెడతార్లే" అంది తల్లి.

ఉండబట్టలేక నేను, "ఆకలి కాదమ్మా, ఊపిరాడట్లేదు వాటికి. ఆ గాలిగొట్టం పని చేస్తందో లేదో చూడమని చెప్పు" అన్నాను. కాంపౌండరు వచ్చి చూస్తే ప్లగ్గు ఊడిపోయి ఉంది. పెట్టగానే బుడగలొచ్చాయి. ఆ తల్లి నన్ను మహా తెలిసినదానిలా చూసింది. నాకేం తెలుసు, నా మొహం. నేను పుట్టింది మైలవరం పక్క. మా పుట్టింట్లో నీళ్లంటే బావి అడుగున ఎక్కడో మెరిసేవి, చేదలో పైకి వచ్చేవి, అంతే. చేపల గురించి నాకు తెలిసిన ఆ ఒక్క ముక్కా మా పక్కింటి డ్రిల్లు మాస్టారి దొడ్లో తెలిసింది. ఆయన పోయి చాలా ఏళ్లయింది. ఆయన సంగతి ఒకటి నాకు అప్పుడూ అర్థం కాలేదు, ఇప్పుడూ కాలేదు. అర్థం కాని మనుషులంటే నాకు ఒళ్లు మంట. చచ్చిపోయి కూడా వదిలిపెట్టరు.

డెబ్బైలలో నన్ను హనుమాన్ జంక్షన్‌కి ఇవతల ఒక ఊరికి కాపురానికి పంపారు. మా ఆయన పొద్దున్నే బస్సెక్కి గవర్నర్‌పేటలో ఒక హోల్‌సేలు కొట్టుకి వెళ్లేవారు. ఇంట్లో అత్తయ్యా నేనూ. మాకూ పక్కింటికీ మధ్య ఒక తాటాకు తడిక. దానికి ఒకచోట మనిషి పట్టేంత కన్నం. ఆ కన్నానికి అవతల మాస్టారు ఉండేవారు. హైస్కూల్లో డ్రిల్లు చెప్పి రిటైరయ్యారు. భార్య పోయింది. పిల్లల్లేరు.

మనిషి సన్నగా, నిట్రాటలా ఉండేవారు. ఇంట్లో తెల్ల నిక్కరూ బనీనూ. మెడలో నల్లతాడుకి ఒక ఇనప ఈల. ఆదివారం చర్చికి పంచె, లాల్చీ వేసుకున్నా లాల్చీ లోపల ఆ ఈల ఉండేది. సందు మలుపు తిరగాలంటే మనలా గుండ్రంగా తిరిగేవారు కాదు. ఆగి, మడమ మీద గిర్రున తిరిగి, మళ్లీ నడక మొదలుపెట్టేవారు. కాపురానికి వచ్చిన కొత్తలో నేను గుమ్మంలో నిలబడి ఆ తిరగడం కోసమే చూసేదాన్ని. నవ్వాలో మర్యాదగా ఉండాలో తెలిసేది కాదు.

ఆయన గురించి అత్తయ్య నాకు మొదట చెప్పిన సంగతి ఇది. ఒకసారి హెడ్‌మాస్టరు, పిల్లలందర్నీ ఈల వేసి గ్రౌండులోకి పిలవండి, ఎవరో కిటికీ అద్దాలు పగలగొట్టారు, వరసగా నిలబెట్టి బెత్తంతో వాయిస్తాను అన్నాడట. మాస్టారు వేయనన్నారట. "వాళ్లు ఆటకని పరిగెత్తుకుంటా వస్తారండీ, వచ్చినవాళ్లని ఎట్టా కొట్టేది" అన్నారట. దానికి ఆయన్ని కొన్నాళ్లు ఎక్కడికో దూరపు బడికి మార్చారు. వెళ్లారు గానీ ఈల వేయలేదు.

"పిచ్చి కాకపోతే" అంది అత్తయ్య. ఆవిడ ఎవరినైనా మెచ్చుకుంటే అలాగే మెచ్చుకునేది.

ఆ పల్లపు ఊళ్లో ఇల్లు కట్టాలంటే నేల మెరక చేసుకోవాలి. మెరకకి మట్టి దొడ్లోంచే తవ్వుతారు. తవ్విన చోట గుంట పడుతుంది. మాస్టారి దొడ్లోనూ అలాంటి గుంట ఒకటి ఉండేది. తూటికాడ, గుర్రపుడెక్క అల్లుకుపోయి, దోమలకి పుట్టిల్లు. ఒక వేసవిలో ఆయన నిక్కరు పైకి మడిచి దాంట్లో దిగి, ఆ చెత్తంతా లాగి గట్టున పోయడం మొదలుపెట్టారు. ఒక మూల మాత్రం తూటికాడ వదిలేశారు, చేపలకి నీడ ఉండాలట. కన్నంలోంచి చూసి, "ఏంటి మాస్టారూ ఇది" అన్నాను.

"చేపలు పెంచుదామని అమ్మాయ్."

"తినడానికా?"

"కాదు, ఇవ్వడానికి."

ఎవరికి, ఎందుకు అంటే చెప్పారు. వాళ్ల చర్చిలో కోతలప్పుడు కోతపండుగ అని ఒకటి ఉంది. ఎవరికి పండింది వాళ్లు చర్చికి తెచ్చి బల్ల మీద పెడతారు. పొలం ఉన్నవాళ్లు ధాన్యం, పాదున్నవాళ్లు గుమ్మడికాయ, కోళ్లున్నవాళ్లు పుంజు, ఏమీ లేకపోతే గుప్పెడు పచ్చిమిరపకాయలైనా సరే. ప్రార్థనయ్యాక అవన్నీ చర్చి ముందు వేలం వేస్తారు. పాడుకున్నవాళ్లు ఒక్కోసారి మళ్లీ చర్చికే ఇచ్చేస్తారు, మళ్లీ వేలం. ఒక్క గుమ్మడికాయ పూటంతా చేతులు మారుతుంది. మాస్టారి భార్య బతికున్నప్పుడు ఏటా గుమ్మడికాయలు కాయించి తీసుకెళ్లేదట. ఆవిడ పోయాక పాదూ పోయింది. ఈయన కవరులో డబ్బు పెట్టి వేస్తున్నారు.

"కవరు వేయడం తప్పని కాదమ్మా" అన్నారు బురద చేతులు గాలిలో పట్టుకుని. "పింఛను గవర్నమెంటుది. నా చేత్తో పెరిగింది ఒక్కటంటే ఒక్కటి ఆ బల్ల మీద పెట్టి పోవాలి. నేను ఇంతమంది పిల్లలకి పరుగు నేర్పాను, పెంచింది ఎవర్నీ లేదు. ఒక్క చేప. అంతే నేను అడిగేది."

ఎవర్ని అడుగుతున్నారో నాకు తెలియలేదు. ఊఁ అన్నాను.

కాలువలకి నీళ్లు వదిలాక, బోదె కాలువ తవ్వి గుంట నింపారు. గ్రామసేవక్ చెప్పాడని సున్నం చల్లారు, గంపలతో పేడ వేశారు. ఆ తర్వాత ఎక్కడో సర్కారు చేపల ఫారానికి వెళ్లి, బొచ్చె, శీలావతి పిల్లల్ని ఒక కుండలో పోయించుకుని బస్సులో తెచ్చారు. అదే బస్సులో మా ఆయన ఉన్నారు. ఇంటికొచ్చి ఒకటే నవ్వు. "మాస్టారు వెనక సీట్లో కూర్చుని కుండ ఒళ్లో పెట్టుకుని దారి పొడుగునా ఊపుతూనే ఉన్నారు. చలిజ్వరం అనుకుని పక్కనాయన లేచి వేరే సీట్లో కూర్చున్నాడు. కండక్టరు నీళ్లు చిందుతున్నాయని తిడుతుంటే, కదపకపోతే ఊపిరాడదయ్యా వీళ్లకి అంటారు ఈయన" అన్నారు.

చేపపిల్లల్ని 'వీళ్లు' అనడం ఆ రోజు మొదలు. చివరిదాకా ఆయన వాటిని 'అవి' అనలేదు.

రోజూ పొద్దున్నే గట్టు మీద అటెన్షన్‌లో నిలబడి ఒక ఈల వేసేవారు, పొడుగ్గా. తర్వాత తవుడు చల్లేవారు. కొన్నాళ్లు ఏమీ లేదు. తవుడు తేలి తేలి మునిగిపోయేది. అత్తయ్య కన్నంలోంచి, "మాస్టారూ, చేపకి చెవులుంటయ్యంటారా" అని అడిగేది. ఆయనకి కోపం వచ్చేది కాదు. "ఆరో తరగతి వాళ్లకీ మొదట్లో చెవులుండవు అక్కయ్యగారూ" అనేవారు. ఒకరోజు పొద్దున నన్ను పిలిచారు. ఈల వేశారు. తవుడు చల్లకముందే నీళ్ల కింద ఎక్కడెక్కడి నుంచో సన్నటి గీతలు ఆయన కాళ్ల దగ్గరికి కదిలాయి. నా చేతిలో చీపురు ఉంది. దాన్ని అలాగే పట్టుకుని నిలబడిపోయాను.

"చూశావా. ఈల మాటంటే ఇదమ్మా. పిలిచామంటే పెట్టాలి. పెట్టేది లేనప్పుడు పిలవకూడదు."

ఒకడు మాత్రం రాడట. మూల తూటికాడల కింద ఉంటాడట. అందరూ వచ్చి తిని వెళ్లాక, ఎప్పుడో తన ఇష్టమొచ్చినప్పుడు పైకొచ్చి బుడుంగుమని గుటక వేసి పోతాడట. నేనూ చూశాను. నీళ్లు ఒకసారి తిరిగి ఆగిపోయేవి, మనిషి కనబడేవాడు కాదు. ఇదిగో, నాకూ ఆ అలవాటు వచ్చింది. మాస్టారు వాడికి వెనకబెంచీ వాడు అని పేరు పెట్టారు. వాడంటే ఆయనకి పక్షపాతం. మిగతావాళ్లు వెళ్లాక ఆ మూలకి వెళ్లి ఇంకో గుప్పెడు తవుడు వేసి, "వాణ్ణి లైన్లోకి తేవాలి" అనేవారు.

ఆ ఏడు కోతపండుగకి చేపలు ఇంకా అరచేయంత లేవు. మళ్లీ కవరే వేశారు. "వచ్చే ఏటికి" అన్నారు.

వేసవిలో కాలువలు కట్టేశారు. గుంటలో నీళ్లు దిగిపోయి, పచ్చగా చిక్కబడ్డాయి. ఒకరోజు తెల్లారగట్ల, మబ్బేసి ఒకటే ఉక్కగా ఉంది, ఆకు కదలడం లేదు. మాస్టారు కన్నం దగ్గరికొచ్చి పిలిచారు.

"అమ్మాయ్, వచ్చి చూడు. ఈల వేయకముందే అందరూ లైన్లో నిలబడ్డారు."

వెళ్లి చూస్తే గుంట మీదంతా నోళ్లు. తెరుస్తున్నాయి, మూస్తున్నాయి. మాస్టారి మొహం వెలిగిపోతోంది. రెండు మూడు రోజులుగా కొంతమంది ఇలా ముందే వస్తున్నారట. పాపం ఆకలి మీదున్నారని తవుడు పెంచుతున్నారట. నాకూ ఒక చేట ఇచ్చారు. నేనూ సంబరంగా చల్లాను. ఒక్కటీ తినడం లేదు. తినడం లేదేమిటా అని ఇద్దరం మొహాలు చూసుకుంటున్నాం.

పేడకళ్లు ఎత్తుతున్న అత్తయ్య ఆ సందడికి వచ్చి, గుంట చూసి గంప కింద పడేసింది.

"మీ తెలివి తెల్లారినట్టే ఉంది. ఆకలి కాదండీ అది, ఊపిరాడక తేలతన్నయ్యి. ఆ తవుడంతా కుళ్లి నీళ్లు చచ్చిపోయినయ్యి. బస్సులో కుండ కదుపుకుంటా వచ్చారంట గదా, మరి గుంట కదపద్దా?"

మాస్టారు చేట చేత్తో అలాగే నిలబడ్డారు. తర్వాత ఈల నోట్లో పెట్టుకుని గుంటలో దిగిపోయారు. నడుం లోతు నీళ్లలో నిలబడి, రెండు చేతులూ పైకెత్తి, దభీమని నీళ్ల మీద కొట్టి, ఎగిరి, మళ్లీ చేతులెత్తి, మళ్లీ కొట్టి. ప్రతి దెబ్బకీ నోట్లోంచి పొట్టి ఈల. అచ్చం బళ్లో డ్రిల్లు. అత్తయ్య బావి నుంచి బిందెలు తెచ్చి ఎత్తు మీంచి పోస్తోంది. నేను వెదురుకర్రతో బాదుతున్నాను. సందులో వాళ్లు వచ్చి, మాస్టారికి మతి పోయిందనుకుని, సంగతి తెలిశాక వాళ్లూ కర్రలు పట్టుకున్నారు. ఎండెక్కి గాలి కదిలేదాకా ఆయన ఆగలేదు. అప్పుడు నోళ్లు ఒక్కొక్కటే కిందికి దిగిపోయాయి.

కొన్ని వెల్లకిలా తేలాయి. వాటిని ఏరి అరటిచెట్టు మొదట్లో పాతిపెట్టారు. వణుకుతూ గట్టు మీద కూర్చుని నన్ను అడిగారు.

"ఏమ్మా, ఇన్నాళ్లూ వీళ్లు నా ఈలకి వచ్చారా, ఊపిరాడక వచ్చారా?"

"మొదట్లో ఈలకే మాస్టారూ" అన్నాను. నాకేం తెలుసని అన్నాను? కానీ ఆ మొహం చూస్తే అలాగే అనాలనిపించింది.

ఆ తర్వాత ఆయన జాగ్రత్తగా ఉన్నారు. తవుడు తగ్గించారు, రోజూ తెల్లారగట్ల కర్రతో గుంట కదిపేవారు. కాలువలు వదిలాక కొత్తనీళ్లు వచ్చాయి. చేపలు మోచేయంత అయ్యాయి. కానీ ఈలకి వచ్చేవాళ్లు తగ్గుతున్నారని ఆయన అనుమానం. "సిగ్గు పడుతున్నారేమో, వయసొచ్చింది కదా" అనేవారు. మళ్లీ కోతలొచ్చాయి.

పండుగ రోజు పొద్దున్నే మా ఇత్తడి గంగాళం అడిగి తీసుకున్నారు. పంచె కట్టుకుని తయారయ్యారు. కాలువల్లో చేపలు పట్టే నాంచారయ్య వల భుజాన వేసుకొచ్చాడు.

"మాస్టారూ, ఈల వేయండి. అంతా ఒకచోటికి వస్తే ఒక్క విసురుకే పడతయ్యి."

మాస్టారు ఈల నోట్లో పెట్టుకున్నారు. బుగ్గలు ఉబ్బాయి. శబ్దం రాలేదు. తీసి, పంచెతో తుడిచి, మళ్లీ పెట్టుకున్నారు. మళ్లీ రాలేదు. అది చెడిపోలేదు. ఆయన ఊదలేదు.

"నాంచారయ్యా, ఈల లేకుండా వేయి."

"ఈల లేకపోతే తూటికాడల్లో దూరతయ్యండీ. వల చిరిగిద్ది."

"చిరిగితే నేను బాగుచేయిస్తాను."

నాకు చిరాకెత్తింది. "ఇవ్వాలనేగా మాస్టారూ పెంచింది? రెండేళ్ల నుంచి అదే మాట గదా?" అన్నాను.

"అవునమ్మా. ఇవ్వాలనే."

"మరి పిలవండి."

"తవుడుకని పిలిచాను ఇన్నాళ్లూ. ఇవాళ వలకి ఎట్టా పిలిచేది?"

"అయితే ఇవ్వరా?"

"ఇవ్వాలి. అదే తెలీట్లేదు నాకు" అన్నారు. నిజంగానే తెలియడం లేదు ఆయనకి. మలుపులో మడమ మీద తిరిగే మనిషి, ఎటు తిరగాలో తెలియనట్టు గట్టు మీద అటూ ఇటూ చూస్తున్నారు.

నాంచారయ్య వల వేశాడు, తీశాడు, వేశాడు. పనికిమాలిన చిన్న పరిగె చేపలు పడ్డాయి. బొచ్చెలు ఒక్కటీ చిక్కలేదు. చర్చిలో గంట కొట్టారు. చివరికి విసుగెత్తి, మూల తూటికాడల మీదికే వల విసిరాడు. లాగుతుంటే బరువుగా కొట్టుకుంది. గట్టు మీదికి తీస్తే నల్లగా, పాము తలకాయలాంటి తలతో, నా మోకాలంత పొడుగు కొర్రమీను.

"ఓరి నీ దుంప తెగ" అన్నాడు నాంచారయ్య దాని తల అదిమిపట్టి. "దొంగ దొరికాడు మాస్టారూ. మీ పిల్లలు తగ్గిపోతన్నారన్నారు గదా, తినేసింది వీడే. వీడు తవుడు ముట్టడు, చేపల్నే తింటాడు. పైకొచ్చేది గాలి గుటకకే. వానొస్తే నేల మీద పాక్కుంటా ఒక గుంటలోంచి ఇంకో గుంటలోకి వచ్చేత్తాడు."

మాస్టారు దాని ముందు గొంతుక్కూర్చున్నారు. పంచె బురదలో ఉంది.

"వెనకబెంచీ వాడు వీడా" అన్నారు.

ఇంకో గంట కొట్టారు. వేరే దారి లేదు. ఆ కొర్రమీనునే గంగాళంలో వేసి తీసుకెళ్లారు.

వేలం చూడటానికి ఊరంతా వెళ్లేది. మతంతో పని లేదు. అత్తయ్యా నేనూ చర్చి ముందు పందిట్లో ఆడవాళ్ల వైపు నిలబడ్డాం. గంగాళం రాగానే గుమ్మడికాయల దగ్గరున్న జనం అంతా దాని చుట్టూ చేరారు. మాస్టారు కొర్రమీను పెంచారంట, కొర్రమీను పెంచడమంటే మాటలా అని ఒకటే మెచ్చుకోళ్లు. వేలంపాట మొదలైంది. రైసుమిల్లు ఆయన, కిరాణా ఆయన పోటీ పడ్డారు. మధ్యలో మాస్టారు లేచి నిలబడ్డారు.

"అయ్యగారూ, ఒక్క మాట. ఇది నేను పెంచింది కాదండీ. దానంతట అదే వచ్చింది. నేను పెంచినవాళ్లని తిని పెరిగింది."

జనం నవ్వారు. పాస్టరుగారు మంచాయన, నిదానస్తుడు. "మాస్టారూ, మీ గుంటలో పెరిగిందా లేదా?" అన్నారు.

"పెరిగిందండీ."

"మీ మేత తిన్నదా?"

"నా మేత తిన్నవాళ్లని తిన్నది."

"సరే, కూర్చోండి."

ఆయన కూర్చున్నారు. కొర్రమీను రైసుమిల్లు వాళ్లింటికి వెళ్లింది. ఇంటికొచ్చే దారిలో మాస్టారు మా పక్కనే నడుస్తూ, "ఏమ్మా, నేను ఇచ్చినట్టా, ఇవ్వనట్టా?" అని అడిగారు.

"ఇచ్చినట్టే లెండి."

"నువ్వు ఊరికే అంటున్నావు."

నిజమే, ఊరికే అన్నాను. ఆ సాయంత్రం ఆయన ఈల వేశారు. తడిక ఇవతల నేను బియ్యం ఏరుతూ, చేపలు రావేమోనని భయపడ్డాను. ఆయనా భయపడ్డారని ఈల సాగిన తీరులోనే తెలిసింది. వచ్చాయి. ఆ రోజు తవుడులో బెల్లం కలిపి వేశారు. చేపకి బెల్లమేమిటో నన్నడక్కండి.

మరుసటి వర్షాకాలంలో ఆయనకి ఛాతీలో నొప్పి వచ్చింది. బెజవాడ ఆసుపత్రికి తీసుకెళ్తుంటే, రిక్షా ఎక్కేముందు తడిక కన్నం దగ్గరికి వచ్చారు. మెడలోంచి ఈల తీసి నా చేతిలో పెట్టారు.

"వేసినప్పుడల్లా పెట్టు. పెట్టేది లేకపోతే వేయొద్దు."

"నాలుగు రోజుల్లో మీరే వచ్చి వేసుకుంటారు మాస్టారూ" అన్నాను. రాలేదు. ఎక్కడినుంచో తమ్ముడి పిల్లలు వచ్చి, సమాధి చేసి, ఇంటికి తాళం వేసి వెళ్లిపోయారు. గుంట సంగతి ఎవరూ అడగలేదు. నేను వారం రోజులు ఏడుస్తూనే ఉన్నాను, వంట చేస్తూ, అంట్లు తోముతూ. ఆయన నాకేమవుతారని అంత ఏడుపు వచ్చిందో తెలియదు.

మొదట్లో నా ఈల పిల్లి కూసినట్టు వచ్చేది. అత్తయ్య నవ్వేది. చేపలు వచ్చేవి కాదు. పోను పోను ఊపిరి బిగపట్టి పొడుగ్గా ఊదడం పట్టుబడింది, చేపలూ వచ్చాయి. కోతలు మొదలయ్యే నాటికి, ఈల వేస్తే నా కాళ్ల దగ్గర వెండి పళ్లేల్లా తిరిగేవి.

కోతపండుగ రేపనగా, శనివారం నాడు పాస్టరుగారు నాంచారయ్యని వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చారు.

"మాస్టారి కోరిక అలాగే ఉండిపోయింది కదమ్మా. ఆయన చేత్తో పెంచిన చేప ఒక్కటి, ఆయన పేరున రేపు బల్ల మీద పెడదామని" అన్నారు. "మీ ఈలకి వస్తాయంట గదా."

అత్తయ్య, "మంచి మాట" అంది. నాకూ మంచి మాటే అనిపించింది. చేట నిండా తవుడు తీసుకుని గట్టు మీదికి వెళ్లాను. ఈల వేశాను. అన్నీ వచ్చాయి. నాంచారయ్య వల భుజాన సర్దుకుని, ఒక కొస పళ్ల మధ్య బిగించి, నా వైపు చూశాడు. నోరు ఖాళీ లేదు కాబట్టి కళ్లతోనే అడిగాడు, వేయనా అని.

నేను ఊఁ అనలేదు. వద్దనీ అనలేదు. ఇవ్వకపోతే మాస్టారి కోరిక తీరదు. ఇస్తే మాస్టారి మాట పోతుంది, అదీ ఆయన ఈలతోనే, నా నోటితో. ఆయన బతికుండి తేల్చుకోలేనిది నన్ను తేల్చమని నా చేతిలో పెట్టి పోయాడేమిటి ఈ మనిషి అని ఒళ్లు మండిపోయింది. చేతులు మాత్రం తవుడు చల్లేశాయి. చేపలు తిన్నాయి. తిని, ఎక్కడివక్కడికి వెళ్లిపోయాయి. నాంచారయ్య నోట్లోంచి వల కొస తీసి ఉమ్మాడు.

పాస్టరుగారు, "సరేనమ్మా. ఆయన పేరున కవరు వేద్దాం" అన్నారు. అంతకన్నా ఆయన తిట్టినా బాగుండేది.

ఆ సాయంత్రమే గాలి మొదలైంది. ముసురు పట్టింది. కోసిన పనలు చేలల్లో ఉన్నాయి. తెల్లారేసరికి కాలువా, చేలూ, సందూ, గుంటా అన్నీ ఒక్క నీళ్లే. కోతపండుగ జరగలేదు. జరిపినా బల్ల మీద పెట్టడానికి ఏముంది? ధాన్యం మొలకలొచ్చింది, పాదులు కుళ్లిపోయాయి, కోళ్లు కొట్టుకుపోయాయి. కనబడ్డ మగాడల్లా నెత్తిన చేతులు పెట్టుకుని కూర్చున్నాడు.

వాన తగ్గాక సందులో కేకలు వినిపించాయి. జనం చీరలు, బుట్టలు, దోమతెరలు పట్టుకుని పంటబోదెల్లో నీళ్లు తోడేస్తున్నారు. మోచేతులు దాటిన బొచ్చెలు, శీలావతులు. ఆ ఊళ్లో అంతంత చేపలు ఇంకెవరి దగ్గరున్నాయి? ఆ పూట తాటాకిళ్లలోనూ, డాబాల్లోనూ, పాస్టరుగారింట్లోనూ ఒకటే చేపలపులుసు వాసన. నాంచారయ్య మాకూ ఒకటి తెచ్చి గుమ్మంలో పెట్టి, "మాస్టారిదేనండీ" అన్నాడు.

అత్తయ్య పులుసు పెట్టింది. నాకు కంచంలో వడ్డించి నిలబడింది.

"తిను. ఎవరూ ఈల వేసి పట్టలేదుగా" అంది.

తిన్నాను. ఆ ఏడు ఆ ఊళ్లో చేతికొచ్చిన పంట మాస్టారి చేపలొక్కటే. ఇంటింటికీ చేరింది. మరి ఆయన ఇచ్చినట్టా, ఇవ్వనట్టా? ఇవ్వాలని పెంచారు, ఇవ్వలేకపోయారు, నన్ను ఇవ్వనివ్వలేదు, చివరికి అందరం తిన్నాం. ఎటు నుంచి చూసినా నాకు అర్థం కాదు. ఆయన ఉంటే అడిగి ఉండేదాన్ని, ఆయనా తెలీట్లేదమ్మా అనే ఉండేవారు.

నీళ్లు తీశాక ఒకరోజు పొద్దున, అలవాటు చొప్పున చేట పట్టుకుని గుంట దగ్గరికి వెళ్లాను. గట్టు కోసుకుపోయి ఉంది. ఎవరూ లేరని తెలుసు. తెలిసీ ఎందుకు వేశానో, ఈల వేశాను. ఒక్క గీతా కదల్లేదు. నిలబడ్డాను. వెనక్కి తిరగబోతుంటే, మూల తూటికాడల కింద నీళ్లు ఒకసారి తిరిగాయి. బుడుంగుమని ఒక గుటక. మళ్లీ ఏమీ లేదు.

వరదలో ఇంకో కొర్రమీను వచ్చి చేరినట్టున్నాడు. తవుడు వాడు ముట్టడని నాంచారయ్య చెప్పనే చెప్పాడు. అయినా ఈల వేశాను కదా. ఆ మూలకి వెళ్లి, చేటలో ఉన్నదంతా వేసి వచ్చాను.